ఇంజిను మోతలో పాట

హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి కాజీపేట చేరకముందు మడికొండ మీదుగా పోతుంది. మెట్టుగుట్ట రామలింగేశ్వరుడిదీ ఈ ఊరే, 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు తెరుచుకున్న ఐటీ పార్కుదీ ఈ ఊరే. రోడ్డు మీద కార్లు అద్దాలు ఎత్తుకుని లోపల పాటలు పెట్టుకుని సాగిపోతుంటాయి. వాటి పక్కనే ట్రాక్టర్లు. వాటికి అద్దాలు లేవు, తలుపులు లేవు, టాపు కింద డెక్కు మాత్రం ఉంటుంది. కారు కొన్నాయనకు పాట కంపెనీయే బిగించి ఇస్తుంది. ట్రాక్టరు కొన్నాయన చాలామటుకు తనే ఎంచుకోవాలి, తనే దగ్గరుండి పెట్టించుకోవాలి.

అమెరికాలో పొలాల్లో, ఇసుక దిబ్బల్లో తిరిగే పొలారిస్ లాంటి ఓపెన్ బండ్లకు రాక్‌ఫర్డ్ ఫాస్‌గేట్ వంటి కంపెనీలు ప్రత్యేకంగా సెట్లు తయారు చేస్తాయి. దుమ్ముకు, వానకు, కుదుపుకు తట్టుకునేలా వాటిని కడతారు. మన దగ్గర ట్రాక్టరు కోసమని బిగించేవాటిలో కారు సామానూ, పెళ్లి బాక్సుల సామానూ కలగలిసి ఉంటాయి. కాబట్టి కొనేవాళ్లే కాస్త భౌతికశాస్త్రం తెలుసుకోక తప్పదు. పదో తరగతి పాఠం చాలు.

అంతకన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి, ఆ పాట ఎవరికోసమని. సీట్లో కూర్చున్న డ్రైవరుకా, దారి పక్కనున్న ఊరికా? మడ్‌గార్డుల మీద బయటికి తిప్పి బిగించే పెద్ద బాక్సులు ఊరి కోసం. ఆ ముచ్చట ఎక్కడిదాకా పోతుందో అందరం చూశాం. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజేలను నిషేధించాల్సి వచ్చింది. నేను ఇక్కడ డ్రైవరు పక్షం. నాట్ల కాలంలో తెల్లవారకముందే కరిగెటలోకి దిగి, పొద్దుగూకేదాకా అదే మడి చుట్టూ ఒక్కడే తిరిగే మనిషికి పాట కావాలి. అతనికి వినబడాల్సింది మూడడుగుల దూరంలో. ఈ ఒక్క మాట పట్టుకుంటే కొనే సామాను జాబితా సగానికి సగం తగ్గుతుంది.

ఇప్పుడు ఆ పాటకు శత్రువైన ఇంజిను మోత లెక్క చూద్దాం. నాలుగు స్ట్రోకుల ఇంజినులో ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. మూడు సిలిండర్ల ఇంజిను నిమిషానికి 1800 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 30 చుట్లు, 45 దెబ్బలు. అంటే ఆ మోతకు అడుగు స్వరం 45 హెర్ట్జులు. దాని మీద 90, 135, 180 అంటూ మెట్లు మెట్లుగా పై స్వరాలు లేస్తాయి. నాలుగు సిలిండర్లయితే అదే వేగానికి 60, 120, 180. మరి పాటలో బాస్ డ్రమ్ము, బేస్ గిటారు ఎక్కడుంటాయి? రమారమి 40 నుంచి 200 హెర్ట్జుల మధ్య, అంటే ఇంజిను ముందే ఆక్రమించుకున్న చోటులోనే. క్యాబిన్ లేని ట్రాక్టరు మీద, బరువు పని చేస్తున్నప్పుడు డ్రైవరు చెవి దగ్గర మోత 90 డెసిబెల్స్ అటూ ఇటూగా ఉంటుంది. ఆ మోతలో బాస్ వినబడటం లేదని జనం మొదట చేసేది పెద్ద వూఫర్ కొనడం. డబ్బు దండగయ్యేది సరిగ్గా అక్కడే.

కారణం మన చెవి కట్టుబడిలో ఉంది. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం పొడవునా ఒక సన్నని పొర ఉంటుంది. సన్నని స్వరాలకు దాని మొదటి భాగం కదులుతుంది, లావు స్వరాలకు చివరి భాగం. లావు స్వరపు అల చివరికి చేరాలంటే మొదటి భాగాన్ని దాటుకునే పోవాలి కాబట్టి, పోతూ పోతూ దాన్నీ ఊపుతుంది. సన్నని స్వరపు అల మాత్రం మొదట్లోనే ఆగిపోతుంది, చివరి భాగం జోలికి రాదు. ఈ అల ప్రయాణాన్ని కనిపెట్టిన గేయార్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు చాలా ముందే, 1924లో, వెగెల్, లేన్ అనే ఇద్దరు పరిశోధకులు దీని ఫలితాన్ని కొలిచి చూపారు. గట్టిగా మోగే లావు స్వరం తన పైనున్న సన్నని స్వరాలను తేలిగ్గా మింగేస్తుంది, సన్నని స్వరం మాత్రం లావు దాన్ని అంతగా మింగలేదు.

దీన్ని ట్రాక్టరు సీటు మీదికి తెచ్చుకోండి. ఇంజిను అడుగు మోత పాడేవాళ్ల గొంతును ఎలాగూ కొంత మింగుతోంది. మనం బాస్ పెంచామంటే ఆ మింగుడుకు మనమే తోడు పోతున్నాం. గొంతు ఇంకా మసకబారుతుంది, దాంతో వాల్యూమ్ పెంచుతాం, బాస్ కూడా పెరుగుతుంది, మళ్లీ గొంతు మసకబారుతుంది. ఆ దారికి అంతు లేదు. మాట స్పష్టత అంతా 300 నుంచి 4000 హెర్ట్జుల మధ్య ఉంటుంది. డబ్బు పెట్టాల్సింది ఆ మేరకే. డెక్కులో బాస్ నాబును రెండు గీతలు తగ్గించి చూడమని ఏ డ్రైవరుకైనా చెప్పండి. తగ్గిస్తే పాట పెరిగినట్టు వినబడుతుంది. డప్పుల్లో కూడా మోతను చీల్చుకుని వచ్చేది చిటికెన పుల్ల దెబ్బే.

దీనికి రుజువు మడికొండ వాళ్లకు రోజూ కనబడేదే. వరంగల్ నగరపు చెత్త చేరే డంపింగ్ యార్డు ఈ శివారులోనే ఉంది. చెత్త బండి పాట వీధి మలుపు తిరగకముందే వంటింట్లోకి వినబడుతుంది. బండి మీద ఉన్నది మాత్రం చిన్న హారన్ స్పీకరు, దాన్ని నడిపేది కొద్ది వాట్లు. అందులో బాస్ పూజ్యం. శక్తి అంతా గొంతు ఉండే మేరలోనే ఖర్చవుతుంది, పైగా హారన్ మూతి దాన్ని ఒకే వైపుకు తోస్తుంది. అది సంగీతంగా ఉంటుందని నేను అనను, ఆ గీపెట్టే గొంతును రెండు పూటలు సీటు పక్కన పెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. కానీ వినబడటానికీ వాట్లకూ ఉన్న సంబంధం ఎంత పలచనో అది రోజూ చెప్పిపోతుంది.

స్పీకరు కొనేటప్పుడు అడగాల్సిన అంకె సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో చెప్పే అంకె అది. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, షాపులో దాని ఊసు ఎవరూ ఎత్తరు. డెసిబెల్స్ లెక్క వింతగా ఉంటుంది. 3 డెసిబెల్స్ పెంచాలంటే శక్తి రెట్టింపు కావాలి, 10 పెంచాలంటే పదింతలు. ఒక స్పీకరు 84, ఇంకొకటి 92 అనుకుందాం. తేడా 8 డెసిబెల్స్. రెండోది 10 వాట్లతో ఇచ్చే మోతను మొదటిది ఇవ్వాలంటే సుమారు 63 వాట్లు మింగాలి. మంచి స్పీకరు కొనడమంటే ఆంప్లిఫయర్ ఊరికే వచ్చినట్టు.

దూరం కూడా అలాగే పనిచేస్తుంది. ఆరుబయట దూరం సగమైతే 6 డెసిబెల్స్ పెరుగుతాయి, అంటే శక్తి నాలుగింతలైనట్టు. 92 అంకె ఉన్న స్పీకరును టాపు లోపలి అంచుకు, చెవికి అర మీటరు దూరంలో, ముఖం వైపు వంచి బిగిస్తే 10 వాట్లకు లెక్క ప్రకారం 108 డెసిబెల్స్ దాకా వస్తాయి. పాట హెచ్చుతగ్గులకు అది చాలు, ఇంకా మిగులుతుంది కూడా. అదే స్పీకరును మడ్‌గార్డు మీద బయటికి తిప్పి పెడితే ఊరు వింటుంది, తోలేవాడికి వెనక మోతే మిగులుతుంది.

ఇక పెట్టె మీది వాట్ల సంగతి. డెక్కు మీద 50 వాట్లు నాలుగు చానళ్లని పెద్దగా రాసి ఉంటుంది. ఇంజిను నడుస్తున్నప్పుడు బండిలో ఉండేది 14 వోల్టుల పైచిలుకు. ఆ వోల్టేజీతో లోపలి ఐసీ 4 ఓమ్‌ల స్పీకరును ఎంత ఊపినా, వంకర లేని ధ్వనికి ఆర్‌ఎంఎస్ (శక్తిని లెక్కగట్టే ఒక రకం సగటు) లెక్కలో 10 వోల్టులు దాటదు. పదిని పదితో హెచ్చించి నాలుగుతో భాగిస్తే 25 వాట్లు. లోపలి నష్టాలు పోను 18, 20 మిగులుతాయి. 50 అనేది అల పైభాగం తెగ్గోసుకుపోయి గరగరమనేటప్పటి అంకె. 1000 వాట్ల ఆంప్లిఫయర్లని అమ్మేవాటికైతే ఇంకా సులువైన పరీక్ష ఉంది. 40, 50 హెచ్‌పీ ట్రాక్టర్లకు సాధారణంగా 36 ఆంపియర్ల ఆల్టర్నేటరు వస్తుంది. మనవాళ్లు డైనమో అనే పిలుస్తారు. 36ను 14తో హెచ్చిస్తే 504 వాట్లు, అదీ ఇంజిను మంచి వేగం మీద ఉన్నప్పుడు. బండి మొత్తం పుట్టించగలిగేదే 500 అయితే పాటకు 1000 ఎక్కడినుంచి వస్తుంది? రాత్రి దున్నేటప్పుడు హెడ్‌లైట్లకే 100 వాట్ల పైన పోతుంది.

ఇంజిను ఆపి పాట పెట్టుకుంటే భారం బ్యాటరీ మీద పడుతుంది. 75 ఏహెచ్ బ్యాటరీ నుంచి సగటున 10 ఆంపియర్లు లాగితే కాగితం మీద ఏడున్నర గంటలు. కానీ సీసం బ్యాటరీని సగం కిందికి దించితే దాని ఆయుష్షు తరుగుతుంది, సెల్ఫ్ కొట్టడానికి ఒక్కసారిగా వందల ఆంపియర్లు కావాలి. కాబట్టి మూడు గంటలకు మించి లెక్క వేసుకోవద్దు. ఆంప్లిఫయర్ తప్పదనుకుంటే డీ క్లాసు రకం తీసుకోవాలి. పాత ఏబీ రకం లాక్కున్న కరెంటులో సుమారు సగం వేడిగా పోగొడుతుంది, డీ రకం 80 శాతం పైన స్పీకరుకు అందిస్తుంది. మే నెలలో రేకు టాపు కింద ఆ తేడా చేత్తో తాకి చూస్తే తెలిసిపోతుంది. వేడి స్పీకరునూ వదలదు. లోపలి రాగి తీగ చుట్ట వంద డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం దాదాపు 39 శాతం పెరుగుతుంది, ఆ మేరకు లాగే శక్తి తగ్గుతుంది. పొద్దున బాగా మోగిన సెట్టు మధ్యాహ్నానికి నీరసించడానికి ఇదీ ఒక కారణం.

వైరింగు దగ్గర చాలామంది పిసినారితనం చూపిస్తారు. బ్యాటరీ నుంచి టాపు దాకా మూడు మీటర్లు, తిరిగి రావడం మూడు, మొత్తం ఆరు మీటర్ల తీగ. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 20 ఆంపియర్లు పారితే 0.8 వోల్టు దారిలోనే పోతుంది. 6 చదరపు మిల్లీమీటర్లదైతే పోయేది మూడో వంతు వోల్టు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చూడటానికి లావుగా ఉంటుంది, ధర తక్కువ, కానీ నిరోధం ఒకటిన్నర రెట్లు. కొస గీకి చూస్తే లోపల తెల్లగా కనబడుతుంది. ఫ్యూజును డెక్కు దగ్గర పెట్టి ఊరుకుంటే చాలదు, బ్యాటరీకి జానెడు దూరంలో ఇంకొకటి ఉండాలి. ఫ్యూజు కాపాడేది తీగను. రేకు అంచుకు రాసుకుని తోలు ఊడిన తీగ ఛాసిస్‌కు తగిలితే, ఆ తగిలిన చోటుకు ముందే ఫ్యూజు ఉండాలి కదా, డీజిల్ ట్యాంకు పక్కనుంచి పోయే తీగ మరి.

1930లో అమెరికాలో పాల్ గాల్విన్ కంపెనీ మోటరోలా పేరుతో కారు రేడియో అమ్మడం మొదలుపెట్టినప్పుడు వాళ్లను సతాయించింది స్పార్క్ ప్లగ్గులు. ప్రతి నిప్పురవ్వా రేడియోలో టక్కుమని మోగేది. డీజిల్ ఇంజినుకు స్పార్క్ ప్లగ్గులే ఉండవు కాబట్టి ట్రాక్టరుకు ఆ బాధ లేదు. దాని బదులు డైనమో ఈల ఉంది. యాక్సిలరేటరు పెంచితే స్పీకరులో కీచుమంటూ పైకి లేచే ఆ శబ్దం వినని డ్రైవరు ఉండడు. పన్నెండు ధ్రువాల ఆల్టర్నేటరు ఒక చుట్టు తిరిగితే, డయోడ్లు దాటి వచ్చే కరెంటులో 36 చిన్న అలలు ఉంటాయి. ఇంజిను 1500 మీద ఉండి, డైనమో పుల్లీ దానికి రెట్టింపు వేగంతో తిరిగితే సెకనుకు 50 చుట్లు, 1800 అలలు. అంటే మన చెవి చురుగ్గా పట్టుకునే 1800 హెర్ట్జుల ఈల. డెక్కుకు ఒక చోట, ఆంప్లిఫయర్‌కు మరో చోట ఎర్త్ ఇస్తే ఆ రెండు చోట్ల మధ్య ఉండే కొద్దిపాటి వోల్టేజీ తేడాయే పాటలోకి చొరబడుతుంది. రెండిటి ఎర్త్‌నూ ఒకే బోల్టుకు, రంగు గీకి, తళతళలాడే ఇనుము మీద బిగించాలి. సిగ్నల్ తీగ ఒక పక్కనుంచి, బ్యాటరీ తీగ ఇంకో పక్కనుంచి రావాలి. ఫిల్టర్లు కొనేది ఈ రెండూ చేశాకే.

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి. బ్యాటరీ దిగిపోయిన బండిని మరో బ్యాటరీతో స్టార్ట్ చేసి, ఇంజిను నడుస్తుండగానే దాన్ని ఊడదీస్తారు. డైనమో కరెంటును మింగే బ్యాటరీ ఒక్కసారిగా లేకుండా పోతే వోల్టేజీ ఆ క్షణంలో వంద దాకా ఎగరగలదు. డెక్కు చచ్చిపోవడానికి ఆ క్షణం చాలు.

స్పీకరు బిగింపు విషయంలో కారుకూ ట్రాక్టరుకూ పోలిక లేదు. కారులో మూసిన గది లావు స్వరాలను దానంతటదే పెంచుతుంది. ట్రాక్టరు మీద గది లేదు. పైగా స్పీకరు కోను ముందుకు తోసినప్పుడు ముందు గాలి ఒత్తుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. మధ్యలో అడ్డు లేకపోతే ఈ రెండూ కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. రేకుకు కన్నం కోసి స్పీకరును ఊరికే వేలాడదీస్తే మిగిలేది కీచు గొంతే. మందపాటి ప్లైవుడ్ పెట్టెలో గాలి చొరకుండా బిగిస్తే తక్కువ ఖర్చులో గొంతుకు నిండుదనం వస్తుంది. కోను కాగితానిది వద్దు, ప్లాస్టిక్‌ది కావాలి. పడవల కోసం చేసిన స్పీకర్లు ఎండకూ వానకూ తట్టుకుంటాయి, కానీ వాటి మీద ఐపీఎక్స్5 అని ఉంటే నీటికి మాత్రమే పరీక్షించారని అర్థం. ఎక్స్ ఉన్నచోట దుమ్ము పరీక్ష అంకె లేదు. వరికోతల దుమ్ములో తిరిగే బండికి ఐపీ65 లాంటివి చూడాలి, అందులో 6 దుమ్ముకు, 5 నీటికి.

బిగించే మెకానిక్‌ను ఒక్క విషయంలో మాత్రం దగ్గరుండి చూసుకోండి. డ్రిల్లింగు, వెల్డింగు, గ్రైండింగు అన్నీ అయిపోయి, రజను ఊడ్చాకే స్పీకరును కవరు లోంచి బయటికి తీయాలి. స్పీకరు వెనక ఉండేది బలమైన అయస్కాంతం. ఇనుప రజను ఎగిరి తీగ చుట్ట కదిలే సన్నటి సందులో చేరిందంటే ఇక జన్మలో పోదు, ప్రతి పాటా గీరుకుంటూనే పాడుతుంది. నట్లకు స్ప్రింగ్ వాషర్లో, నైలాన్ పట్టు ఉన్న నట్లో వాడాలి, పెట్టెకూ రేకుకూ మధ్య రబ్బరు ముక్క వేయాలి. నాట్ల కాలంలో ఇనుప చక్రాలు కట్టుకుని రోడ్డెక్కిన బండి కుదుపుకు మామూలు నట్లు వారం నిలవవు.

ఇప్పుడు చెవి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 91కి 2 గంటలు, 94కి గంట, 100కు పావు గంట. పాట లేకుండానే ఇంజిను దగ్గర డ్రైవరు ఆ వాటాను మధ్యాహ్నంలోపే వాడేసుకుంటున్నాడు. దాని మీద పాట గెలవాలంటే ఇంకో 5, 6 డెసిబెల్స్ ఎక్కాలి. చెవి చెడేటప్పుడు నొప్పి ఉండదు. ముందుగా 4000 హెర్ట్జుల చుట్టూ వినికిడి పోతుంది, ఇంట్లోవాళ్ల మాటలో స, ష, త, ట లు కలిసిపోతాయి. అప్పుడు ఆ మనిషి వాల్యూమ్ ఇంకా పెంచుతాడు.

అందుకని మొదటి రూపాయి సైలెన్సరు మీద పెట్టమంటాను. తుప్పు పట్టి చిల్లు పడ్డ సైలెన్సరు, మ్యానిఫోల్డు దగ్గర కాలిపోయిన గ్యాస్కెట్టు, వదులై తపతపలాడే టాపు రేకు, ఊగే బానెట్టు, ఇవన్నీ సరిచేస్తే మోత 6 డెసిబెల్స్ తగ్గినా, ఆంప్లిఫయర్ శక్తిని నాలుగింతలు చేసినంత ఫలితం. ఆ తర్వాత చవక ఫోము ఇయర్ ప్లగ్గులు. వాటితో పాటేం వినబడుతుందని నవ్వుతారు గానీ, ప్లగ్గు ఇంజినునూ పాటనూ కలిపే తగ్గిస్తుంది. రెండిటి మధ్య తేడా దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి పాట వినబడుతూనే ఉంటుంది, చెవికి చేరే దెబ్బ మాత్రం తగ్గుతుంది. పొలంలో ఒంటరిగా ఉన్నప్పుడు ఇది పనికొస్తుంది. రోడ్డెక్కినప్పుడు ప్లగ్గులూ వద్దు, ఫోను ఇయర్‌ఫోన్లు అసలే వద్దు. వెనక లారీ హారను వినబడాలి.

ఊళ్లోకి వచ్చాక 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు వర్తిస్తాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకరు మోగించకూడదు. టాపు లోపలికి తిప్పిన చిన్న స్పీకర్లతో ఆ చిక్కు చాలావరకు రాదు.

చివరగా ఒక స్విచ్చు సంగతి. డెక్కు వెనకనుంచి వచ్చే తీగల్లో పసుపుది నేరుగా బ్యాటరీకి, నలుపుది ఎర్త్‌కు, ఎరుపుది తాళం తిప్పితే కరెంటు వచ్చే చోటుకు కలుపుతారు. ఆ ఎరుపు తీగ మధ్యలో ఒక మామూలు టాగుల్ స్విచ్చు పెట్టించి, దాన్ని స్టీరింగు పక్కన, చూడకుండానే చెయ్యి అందే చోట బిగించాలి. రోటవేటరు వెనక ఎవరైనా ఉన్నప్పుడు, బండిని వెనక్కి తీస్తున్నప్పుడు, గట్టు మీదినుంచి ఎవరైనా చెయ్యెత్తి పిలిచినప్పుడు, టచ్ స్క్రీను మీద బురద వేలితో వెతుక్కునే తీరిక ఉండదు. ఒక్క దెబ్బకు పాట ఆగాలి. మొత్తం సెట్టులో అతి తక్కువ ఖర్చు దానిదే, చాలామంది పెట్టించుకోనిదీ అదే.